మొదటి ముద్ద అత్తమ్మది

నాకు కుక్కలంటే పడదు. చిన్నప్పుడు పుట్టింట్లో ఒకటి పిక్క పట్టుకుని వదల్లేదు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కుక్క నాలుక చాపి దగ్గరికొస్తే చాలు, లేచి లోపలికి పోయి తలుపేసుకుంటాను. అలాంటి నా చేతుల్లో ఒక మధ్యాహ్నం మా ఆయన పిడికెడంత కుక్కపిల్లను తెచ్చి పెట్టి, "జర దీనికి ఏమన్న పెట్టు, పొద్దటిసంది ఒర్రుతున్నది" అని మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

షెడ్డు మా ఇంటి వెనకే. ఆర్మూర్‌లో పసుపు పాలిష్ పట్టే షెడ్లు చాలా ఉన్నాయి, అందులో మాదీ ఒకటి. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు తెస్తారు. పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలిపోయి కొమ్ములు నున్నగా బయటికొస్తాయి. సీజన్‌లో ఆ దుమ్ముకు మా ఇంట్లో పచ్చగా కానిదేదీ ఉండదు. ఆరేసిన బట్టలు, తలగడలు, టీవీ మీద కప్పిన గుడ్డ, అన్నీ పచ్చనే. ఆ షెడ్డులో ఖాళీ సంచుల కుప్ప మీద ఒక ఊరకుక్క ఈనింది. తర్వాత అది బైపాసు మీద లారీ కింద పడి చచ్చిపోయింది. దాని పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే. పచ్చ కుక్కపిల్ల అనుకుని కడిగితే లోపలినుంచి తెల్లది బయటపడింది.

అన్నం ముట్టని ప్రాణి మా ఇంట్లో అప్పటికే ఒకటుంది. మా అత్తమ్మ.

ఆమెకు గొంతులో గడ్డ. హైదరాబాద్‌లో రేడియేషన్ ఇప్పించి ఇంటికి తెచ్చాం, కీమో ఇంకా మిగిలి ఉంది. "బరువు తగ్గకుండా చూసుకోండి. తింటేనే మిగతా మందు తట్టుకుంటుంది. తినకపోతే మేం చేయగలిగింది ఏమీ ఉండదు" అని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. ముక్కులోంచి పైపు వేస్తామంటే అత్తమ్మ ససేమిరా అంది. అంటే ఇక ఆమె ప్రాణం నా వంటింట్లో ఉందన్నమాట.

మామయ్య పోయాక ఆ షెడ్డును నిలబెట్టింది అత్తమ్మే. నేల మీద బాసింపట్టు వేసుకుని పసుపు ఏరేది. పొడుగాటి కొమ్ములు ఒకవైపు, గుండ్రటి దుంపలు, అంటే గోళలు, ఒకవైపు, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోరు మాత్రం నా మీద ఉండేది. కూరలో ఉప్పు తక్కువైందని ఆమె అనడం, అయితే నువ్వే వండుకొమ్మని నేను గిన్నె ఎత్తేయడం మా ఇంట్లో రోజూ నడిచే సీరియల్. కానీ ఒక్క విషయంలో ఆమెను ఏమీ అనలేకపోయేదాన్ని. పనివాళ్ళు, కొడుకు, నేను, ఆఖరికి ఆ పూట లోడుకు వచ్చిన లారీ డ్రైవరు, అందరూ తిన్నాకే ఆమె కంచం ముందు కూర్చునేది. అడుగున మాడిన అన్నం, మిగిలిన చారు ఆమె వంతు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో కుండలోంచి మొదటి ముద్ద ఆమె తినగా నేను చూడలేదు.

అలాంటి మనిషికి అందరికంటే ముందు కంచం పెట్టి, తిను తిను అని ఇల్లంతా చుట్టూ నిలబడితే ఎలా తింటుంది? రెండు చెంచాల జావ తాగి చెయ్యి అడ్డం పెట్టేది. "నోట్లె మన్ను వోసుకున్నట్టున్నది పిల్లా, తీస్కపో" అనేది. నేను బతిమాలేదాన్ని, తర్వాత అరిచేదాన్ని, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో కాళ్ళు పట్టుకుని పెడతానన్నా తినేవాళ్ళు లేకపోయారు.

దానికి తోడు ఈ కుక్కపిల్ల. పాలు పోశాను, మూతి తిప్పుకుంది. పాలల్లో బిస్కెట్ నానబెట్టాను, గిన్నెను ముక్కుతో నెట్టేసింది. గుడ్డు, రొట్టెముక్క, ఏది పెట్టినా పెళ్ళిలో అలిగిన అల్లుడిలా అటు తిరిగి కూర్చునేది. మా ఆయన అంకాపూర్ నుంచి నాటుకోడి కూర తెప్పించి, ముక్కను కడిగి, కారం పోగొట్టి పెట్టాడు. ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వచ్చి తినే కూర అది. కుక్కపిల్ల వాసన చూసి తుమ్మింది. పశువుల దవాఖానకు తీసుకెళ్తే, రోగమేమీ లేదు, తల్లి లేదు కదా, మెల్లగా అలవాటవుతుంది అన్నారు. అలవాటయ్యేలోపే దాని డొక్కలు లెక్కపెట్టేలా తేలాయి.

ఒకరోజు అత్తమ్మ అన్నం గిన్నె ముట్టకుండానే వెనక్కి పంపింది. పెసరపప్పు వేసి, చిటికెడు పసుపుతో మెత్తగా ఉడికించిన అన్నం. పొద్దున్నుంచీ దానికోసమే పొయ్యి ముందు నిలబడ్డాను. అత్త మీది కోపం దుత్త మీద అంటారు చూడండి, నేను కుక్కపిల్ల మీద తీశాను. దాని మెడ వంచి మూతిని గిన్నెలో ముంచి, "తింటవా సస్తవా?" అని అరిచాను. అది ఉక్కిరిబిక్కిరై కుయ్యిమంది.

"ఓ పిల్లా, ఇడువు దాన్ని. ఇటు తే" అంది అత్తమ్మ మంచం మీదినుంచి.

తీసుకెళ్ళి మంచం మీద వేశాను, గిన్నె పక్కన పెట్టాను.

"తల్లి లేని పిల్లకు గిన్నె ముంగట వెడితె తెలుస్తదానే? తల్లి తిని వస్తె, తల్లి మూతి వాసన జూసి నేర్చుకుంటది. నీకు కొట్టుడు తప్ప ఏం తెల్వది" అంటూనే ఆమె ఆ అన్నంలోంచి ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగడానికి ఎంత కష్టమైందో మెడ నరాల్లో కనబడింది. తర్వాత వంగి, ముఖాన్ని కుక్కపిల్లకు దగ్గరగా పెట్టింది. అది ఆమె పెదాలు వాసన చూసింది, నాకింది, మళ్ళీ వాసన చూసింది. ఆమె అరచేతిలో ఇంకో ముద్ద పెట్టి చాపితే తోక ఊపుకుంటూ తినేసింది.

తిని ఆమె ముఖంలోకి చూసింది. ఇంకో ముద్ద కావాలంటే మళ్ళీ మొదటికే వచ్చేది. ముందు ఆమె తినాలి, అది వాసన చూడాలి, అప్పుడే అది తింటుంది. అత్తమ్మ ఊరికే దవడలు ఆడించి మోసం చేయబోయింది. కుక్కపిల్ల ముక్కు పెట్టి చూసి, అలిగిన అల్లుడై అటు తిరిగింది.

"దీన్ని పాడుగాను, అచ్చం నీ అసొంటిదే పిల్లా ఇది" అని అత్తమ్మ నవ్వింది. నవ్వి, నిజంగానే ఇంకో ముద్ద తిన్నది. గిన్నె సగానికి వచ్చింది. నేను గుమ్మంలో నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

అప్పటినుంచి పూటపూటకూ ఇదే. ఒక ముద్ద ఆమెకు, ఒక ముద్ద దానికి. నేను తెలివిమీరాను. అన్నంలో నెయ్యి వేసేదాన్ని, గుడ్డు చిదిమి కలిపేదాన్ని. "గిదెందుకు వేసినవ్?" అని అత్తమ్మ అడిగితే, "నీకు కాదు, దానికి. ఎముకలు గట్టిపడాల్నట" అనేదాన్ని. "దానికైతె వెయ్యి" అని తినేది. నేను బతిమాలితే తినని మనిషి, కొడుకు కన్నీళ్ళు పెట్టుకుంటే తినని మనిషి, ఒక ఊరకుక్క పిల్ల ఆకలితో ఉందంటే తినేది. ఎప్పుడూ అందరి తర్వాత తిన్న మనిషికి, తను ముందు తింటే తప్ప ఇంకొకరి ఆకలి తీరని ఇరకాటం వచ్చిపడింది. నాకు కుక్కపిల్ల మీద కొంచెం కుళ్ళు కూడా పుట్టింది, అబద్ధమెందుకు.

తర్వాతిసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు బరువు తగ్గలేదు. "ఏం పెడుతున్నారమ్మా, బాగుంది" అని డాక్టరమ్మ మెచ్చుకుంది. కంచం పక్కన కుక్కను పెడుతున్నామని ఎలా చెప్పను? కీమో ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు మా ఊరి దేవుడి గుట్ట, సిద్దులగుట్ట, కనబడగానే కారు అద్దంలోంచే దండం పెట్టుకున్నాను. నా మొక్కు ఏమిటో తెలుసా? కుక్కపిల్ల తనంతట తాను తినడం ఎప్పటికీ నేర్చుకోకూడదని. షెడ్డులో పనివాళ్ళు మధ్యాహ్నం సద్ది విప్పితే అది ఎక్కడ అటు పోయి రుచి మరుగుతుందోనని కాపలా కాసేదాన్ని. కుక్కలంటే పడని నేను ఒక కుక్కకు కావలిదాన్నయ్యాను.

ఎండలు ముదిరాయి. షెడ్డు ముందు ట్రాక్టర్లు వరస కట్టాయి, డ్రమ్ము పొద్దస్తమానం తిరుగుతూనే ఉంది. కీమో తర్వాత అత్తమ్మ ఇంకా సన్నబడినట్టు అనిపించింది గానీ, కళ్ళ ముందే తింటున్నది కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకునేది, నమిలేది, కుక్కపిల్లకు వాసన చూపించేది, తువ్వాలతో మూతి తుడుచుకునేది. ఆ తువ్వాల ఎప్పుడూ ఆమె పక్కనే ఉండేది. ఉతకడానికి తీస్తే పచ్చగా ఉండేది. మా ఇంట్లో పచ్చగా లేనిదేది? షెడ్డు దుమ్మే అనుకుని సర్ఫ్‌లో వేసేదాన్ని. వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో ఆడది ఎవరైనా ఆ మరక చూసి ఒక్క క్షణం ఆగి ఉండేది. పసుపు మీద బతికే ఇంట్లో పచ్చ మరకను ఎవరు పట్టించుకుంటారు?

ఈసారి ఆసుపత్రిలో తూకం చూసి డాక్టరమ్మ ముఖం మారింది. "తినడం లేదా?" అంది. నాకు కోపం నషాళానికి అంటింది. "నా చేతుల్తోని వండి పెడుతున్న మేడం, నా కండ్లతోని జూస్తున్న, గిన్నెడు తింటది" అని గొడవ పడ్డాను. అత్తమ్మ తల వంచుకుని కూర్చుంది. నా తరఫున ఒక్క మాట అనదేంటని ఆమె మీద కూడా మండిపడ్డాను.

ఇంటికొచ్చాక డ్రమ్ము బేరింగు పోయింది, షెడ్డు ఆగిపోయింది. దుమ్ము లేదు. తీగ మీద దుప్పట్లు చాలారోజులకు తెల్లగా ఆరాయి. తువ్వాల మాత్రం పచ్చగా ఉంది.

నేను బాత్రూములో బకెట్ ముందు కూర్చుని ఆ తువ్వాల మడత విప్పాను. లోపల నమిలిన అన్నం. పెసరపప్పు, నెయ్యి, చిటికెడు పసుపు. ఎన్నాళ్ళనుంచో తెలియదు. నేను పొయ్యి ముందు నిలబడి వండిందంతా ఆమె నోటిదాకా పోయి వెనక్కి వచ్చింది, దాన్ని నా చేతులతో నేనే ఉతికి ఆరేశాను.

తువ్వాల తీసుకెళ్ళి ఆమె ముందు విసిరేశాను. "గింత మోసమా అత్తమ్మా? ఎవ్వల్ని మోసం జేస్తున్నవ్? నన్నా, నీ కొడుకునా?"

ఆమె తువ్వాలను మడిచి పక్కన పెట్టుకుంది. ఒళ్ళో కుక్కపిల్ల నిద్రపోతోంది. "దిగుతలేదు బిడ్డా" అంది. "పోయినసారి పట్నంల మందు ఎక్కిచ్చినప్పటి సంది నీళ్ళే కష్టంగ దిగుతున్నయ్. నీకు జెప్తె నువ్వు ఏడుస్తవ్. నేను నోట్లె వెట్టుకోకుంటె ఇది తినది. గందుకే వెట్టుకున్న."

పిల్లా అని తప్ప బిడ్డా అని ఆమె నన్ను అంతకుముందు పిలిచిన గుర్తు లేదు. కుక్కపిల్లను అడ్డం పెట్టుకుని ఆమెకు అన్నం పెడుతున్నానని నేను మురిసిపోయాను. ఆమె తన నోటిని అడ్డం పెట్టుకుని దానికి పెట్టుకుంటూ వచ్చింది. నాకు ఆమె మీద ఎంత కోపమొచ్చిందో అంత ఏడుపొచ్చింది.

అప్పుడైనా పైపు వేయించుకొమ్మని ఆమె కాళ్ళు పట్టుకున్నాం. వినలేదు. తర్వాత డాక్టరమ్మే, ఇక ఇంట్లోనే ఉంచి నొప్పి లేకుండా చూసుకోండి అని చెప్పింది. అత్తమ్మకు దాని గురించి పెద్ద బెంగ లేదు. ఆమె ఫికరంతా కుక్కపిల్లదే.

"నువ్వు నేర్చుకో. ముందు నువ్వు తిని, మొఖం దాని దగ్గరకు పెట్టు" అనేది.

ముద్ద తినేదాన్ని గానీ ముఖం దగ్గరికి పెట్టలేకపోయేదాన్ని. ఆ తడి ముక్కు నా మూతి దగ్గరికి రాగానే ఒళ్ళంతా జలదరించి వెనక్కి తగ్గేదాన్ని. కుక్కపిల్ల నన్నొకసారి చూసి, అత్తమ్మ దగ్గరికి పోయి కూర్చునేది. "నాతోని కాదు అత్తమ్మా, అది కుక్క" అన్నాను. "నాకు మాత్రం ఏమన్న సుట్టమా?" అంది. నవ్వబోయింది, దగ్గొచ్చింది. చేతకాని నన్ను పక్కకు జరిపి, ముద్ద తన నోట్లో పెట్టుకుంది. ఇక తువ్వాల దాచడం కూడా మానేసింది.

మొదటి వానలు పడ్డ రోజుల్లో, పొద్దున చాయ్ వేళకు, అత్తమ్మ పోయింది. కొడుకు చెయ్యి ఒకవైపు, నా చెయ్యి ఒకవైపు పట్టుకుని ఉంది. కుక్కపిల్ల కాళ్ళ దగ్గర ఉంది.

ఇల్లంతా చుట్టాలు. మంచం తీసి బయట పెట్టారు. మంచం ఉన్న చోట ఖాళీ నేల మీద కుక్కపిల్ల ముడుచుకుని పడుకుంది. ఎవరో పాలు పెట్టారు, ఎవరో అన్నం పెట్టారు. అన్నిటికీ చీమలు పట్టాయి. ఎవరైనా లోపలికొస్తే తలెత్తి చూసేది, ఆమె కాదని తల దించుకునేది. దాన్ని చూడలేక నేను ఆ గదిలోకి పోవడం మానేశాను.

మూడో రోజు పిట్టకు పెట్టడం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడతాం. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకూడదు. నాటుకోడి కూర, గారెలు, పచ్చిపులుసు, పక్కన సీసాలో కల్లు, అన్నీ పెట్టాం. గడ్డ వచ్చినప్పటినుంచి కారానికి మొహం వాచిపోయిన మనిషి. నేను ఎవరికీ చెప్పకుండా పెసరపప్పు అన్నం కూడా వండి, విస్తరి అంచున ఒక ముద్ద పెట్టాను.

"గిదేందే, పత్తెం బువ్వ పెట్టినవ్?" అన్నాడు చిన్నమామయ్య, మా మామయ్య తమ్ముడు.

"ఆమె గదే తిన్నది" అన్నాను.

విస్తరిని దాబా మీద పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. వాన వెలిసి మబ్బుగా ఉంది. పాలిష్ సీజన్ ఎప్పుడో అయిపోయింది. దాబా మీద నిలిచిన నీళ్ళు కూడా తేటగా ఉన్నాయి. కావ్ కావ్ అని పిలిచారు. ఒక కాకి ట్యాంకు మీద వాలింది గానీ కిందికి దిగలేదు. అంతలో మెట్ల మీద చప్పుడైంది. కుక్కపిల్ల. ఒక్కో మెట్టూ ఎగబాకి, ఊగుతూ, తేలిన డొక్కలతో వచ్చింది. వచ్చి విస్తరి ముందు కూర్చుంది.

"అయ్యో, ముట్టుకుంటది, కొట్టుండ్రి" అన్నారెవరో.

ముట్టుకోలేదు. మూతికి జానెడు దూరంలో నాటుకోడి కూర, అయినా ముట్టుకోలేదు. తలెత్తి మా ముఖాల్లోకి చూసింది, ఒక్కొక్కరినీ. "అబ్బ, ఎంత బుద్ధో సూడు, పిట్ట ముట్టేదాక ఆగుతున్నది" అంది ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ. బుద్ధీ కాదు, పాడూ కాదు. అది దేనికోసం ఆగిందో అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఎవరో ఒకరు ముందు తింటారని చూస్తున్నది. అక్కడున్న అందరం పిట్టకంటే ముందు తినకూడదని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాం.

"గది కూసుంటె కాకి దిగది" అని చిన్నమామయ్య కర్ర అందుకున్నాడు.

నేను ముందుకు నడిచి విస్తరి దగ్గర కూర్చున్నాను. పెసరపప్పు అన్నం ముద్ద తీసి నా నోట్లో పెట్టుకున్నాను. వెనక ఎవరో కెవ్వుమన్నారు. "ఏమే, మతి పోయిందా? పిట్ట ముట్టకముందే!" అని చిన్నమామయ్య అరిచాడు. మా ఆయన "ఉండనీ చిన్నబాపు" అన్నాడు. నమిలాను. వంగి ముఖాన్ని కుక్కపిల్లకు దగ్గరగా పెట్టాను. తడి ముక్కు నా పెదాలకు తగిలింది. ఒళ్ళు జలదరించింది, అయినా కదల్లేదు. అది వాసన చూసింది. నాకింది. మళ్ళీ చూసింది. అరచేతిలో ముద్ద చాపాను.

తిన్నది.

నేను కూడా నా ముద్ద మింగుదామనుకున్నాను. మెత్తని అన్నం, చిన్నపిల్లలు కూడా మింగుతారు. గొంతు దగ్గరికి పోయి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా దిగలేదు. కుక్కపిల్ల ఇంకో ముద్ద కోసం నా ముఖంలోకి చూస్తోంది. పక్కన తువ్వాల ఉంటుందేమోనని చెయ్యి వెతికింది. లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందులోకి ఉమ్మేసి, విస్తరిలోంచి ఇంకో ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. లేతరంగు చీర కొంగు మీద పచ్చగా మరక పడింది.